అనాస పిలకలు వచ్చిన వానకాలం

ఆ వానకాలం మా ఇంట్లో ఎవరికీ ఏదీ సరిగా అర్థం కాలేదు. నాకైతే ఇప్పటికీ కాలేదు. పాత సంగతి కదా, ఈపాటికి తేలిపోయి ఉంటుందనుకుంటారు వినేవాళ్లు. తేలితే నేనెందుకు చెబుతాను? పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తులేని మనిషి మళ్లీ మళ్లీ రుచి చూసినట్టు, ఆ నాలుగు నెలలనూ తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంటాను.

అరవై మూడో సంవత్సరం అది. మేము చెన్నూరులో ఉన్నాం. నేతపని ఇల్లు. నా పెళ్లయి ఏడాదిన్నర. సొసైటీ వాళ్లు నూలు ఇవ్వక చాలా రోజులైంది, మగ్గం గుంటలో మా అత్త చంద్రవ్వ పిడకలు పేర్చింది. అటు చూడవలసి వచ్చినప్పుడల్లా నా భర్త అంబదాస్ ముఖం పక్కకు తిప్పుకునేవాడు. మా ఆడబిడ్డ మగడు భూమన్న బెల్లంపల్లిలో బొగ్గుబాయిలో పనిచేస్తాడు. మిరుగు కార్తె పోయాక వచ్చెయ్యమని, పేరు రాయిస్తానని కబురు పెట్టాడు. అంబదాస్ వెళ్తానన్నాడు, నేను వద్దన్నాను. మా అన్న అదే పనికి వెళ్లి, ఆరేళ్లు తిరగకుండానే, నాలుగడుగులు వేస్తే కూర్చోవలసిన మనిషై ఇంటికొచ్చాడు. అప్పటికి ముప్పై నిండలేదు వాడికి. ఆ దగ్గు విన్న చెవులతో నేను ఇంకో మనిషిని బాయిలోకి పంపలేను. ఇది నేను ఎవరి దగ్గరా దాచలేదు, ఇంట్లో అందరికీ గట్టిగానే చెప్పాను.

"మరి ఏం తిందాం? నీ కోపం తిందామా?" అన్నాడు అంబదాస్.

"ఏమన్న తిందాం. నువ్వైతె ఆ బాయిల దిగద్దు."

సరిగ్గా ఆ రోజుల్లోనే గ్రామసేవక్ హమీద్ మా వాకిట్లో సైకిల్ ఆపాడు. ఆసిఫాబాద్ మనిషి, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుంటూ ఉంటాడు. గోదావరి వైపు పంచాయతీ సమితి వాళ్లకు ఒక మామిడితోట ఉంది. ఆ చెట్ల నీడన అనాస పెంచి చూడాలని పైనుంచి హుకుం వచ్చిందట. రెండు మళ్లు, మడికి అరవై పిలకలు. ఒక మడికి హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త మందు పెట్టాలి, ఇంకో మడికి ఉత్త నీళ్లు పొయ్యాలి. దసరా నాటికి మందు మడి బాగుంటే తోట పెంచుతారు, అంబదాస్‌కు మాలి కొలువు ఖాయం చేస్తారు. బాగా లేకపోతే తోట పనే ఆపేస్తారు.

"దసరా దాక ఆగుమని భూమన్న బావకు చెప్పు," అన్నాను నేను, అంబదాస్ నోరు తెరవకముందే.

అనాసపండును మా ఇంట్లో ఎవరమూ అప్పటికి చూడలేదు. బండిలో వచ్చిన పిలకలు చూసి మా అత్త, "గివి కిత్తనార మొక్కలు గాదా?" అంది. అంతకంటే వింత ఆ మందు. నల్లటి పొడి, మైనం కాగితపు పొట్లాల్లో ఉంది. హమీద్ సాబు ఒక పొట్లాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని మా వాకిటి గద్దె మీద కూర్చున్నాడు.

"గీ పొడిల పాణమున్న జీవాలున్నయి అంబదాస్ భాయ్. కండ్లకు కనవడయి. మొక్క ఏర్ల కాడ ఉండి, గాలిల ఉన్న బలాన్ని గుంజి మొక్కకు పెడతయి."

మా అత్త పొట్లం వంక చూసి కొంగు సర్దుకుంది. "పాణమున్నయా? మరి ఏం తింటయి సాబ్?"

"జర గంజి, జర బెల్లం."

"ముట్టు చూస్తయా? ఇంట్ల ఆడోళ్లున్నరు. ముట్టైన దినం ముట్టుకోవచ్చునా?"

హమీద్ సాబు చెవులు ఎర్రబడ్డాయి. కాగితం తీసి పైనుంచి కింది దాకా చదివాడు, అందులో ఆ సంగతి ఉందేమోనని. "గా ఫికర్ వాటికి లేదమ్మా. ఎండ వద్దు, వేడి వద్దు, సబ్బు వద్దు. గంతే రాసిండ్రు. పల్చటి గంజి కాచి, సల్లారినంక గీ పొడి కలపాలె. పిలకల మొదలు దాంట్ల ముంచి నాటాలె. తర్వాత పదిహేను దినాలకోసారి మొక్కకొక గంటెడు గంజి పొయ్యాలె." అని నా వైపు తిరిగాడు. "గంజి కాసుడు మీకంటె ఎవరికొస్తది చెల్లె? అందుకనే మీ ఇంటికొచ్చిన."

నిజమే, గంజి సంగతి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. పడుగును వీధిలో బార్లా చాపి గంజి పెట్టే ఇంట్లో పుట్టాను, అలాంటి ఇంటికే వచ్చాను. మా అత్త నేర్పినట్టే కాచాను. జొన్నపిండి ఉండలు కట్టకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పి తిప్పి, దించే ముందు చిటికెడు మైలుతుత్తం వేసి. తుత్తం పడకపోతే గంజి మర్నాటికే పులుస్తుంది, పడుగుకు బూజు పడుతుంది. అందుకని నేతగాళ్ల ఇంట్లో పొయ్యి పక్కన ఉప్పు డబ్బా ఎలా ఉంటుందో తుత్తం డబ్బా అలా ఉంటుంది. ఆ రోజు నేను వేశానని చెప్పడం కూడా ఎక్కువే. చెయ్యి తనంతట తానే డబ్బాలోకి పోయి వచ్చింది.

అంబదాస్ చల్లారిన గంజికుండను తోటకు మోసుకుపోయి నల్లపొడి కలిపాడు. పిలకలు ముంచి, ఇద్దరం కలిసి అరవై నాటాం. రెండో మడి ఆయనే నాటాడు, ఉత్త నీళ్లతో.

మిరుగులో మంచి వానలు పడ్డాయి. నెల తిరిగేసరికి రెండు మళ్లూ ఒకేలా ఉన్నాయి. అంబదాస్ రోజూ పొద్దున వెళ్లి చూసేవాడు, మందు మడి కొంచెం పచ్చగా ఉందనేవాడు. ఉందేమోనని నేనూ తల ఊపేదాన్ని. ఆశ ఉన్న కళ్లకు పచ్చదనం తొందరగా కనపడుతుంది, నాకూ కనపడింది.

ఆశ్లేష కార్తెలో ముసురు పట్టింది. తొమ్మిది రోజులు ఎండ మొహం చూడలేదు. తోటకు బువ్వ పట్టుకుపోయిన నన్ను అంబదాస్ నీళ్ల మడి దగ్గరికి పిలిచి, ఒక మొక్క నడిమి ఆకును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. లాగనేలేదు, ఊరికే పట్టుకున్నాడు. ఆకు మొత్తం చేతిలోకి వచ్చేసింది. కింద తెల్లగా, మెత్తగా ఉంది. ముక్కు మూసుకోవలసిన వాసన.

"గిట్లనే పన్నెండు మొక్కలున్నయి," అన్నాడు.

"మరి మందు మడి?"

"ఒక్కటి గూడ లేదు. రా, చూడు."

ఇద్దరం వంగి ఒక్కొక్క మొక్కనూ పట్టి చూశాం. అరవైలో ఒక్కటీ కదలలేదు. అంబదాస్ లేచి నిలబడి నవ్వాడు. మగ్గం ఆగినప్పటి నుంచీ ఆ నవ్వు నేను చూడలేదు. వినాయక చవితి నాటికి నీళ్ల మడిలో నలభై ఒకటి కుళ్లిపోయాయి. మందు మడిలో రెండే పోయాయి, అవి కూడా ఒడ్డున పశువులు తొక్కినవి.

ఇక ఆయనను పట్టడం ఎవరి తరమూ కాలేదు. హోటల్ దగ్గర నలుగురు కనపడితే చాలు, కంటికి కనపడని జీవాల సంగతి ఎత్తేవాడు. గంజి పోసేటప్పుడు మొక్కల మొదళ్ల దగ్గర కూర్చొని, "తిన్నరా బిడ్డా, కడుపు నిండిందా?" అని అడిగేవాడు. ఎవరితోనూ నాలుగు మాటలు ఆడని మనిషి. నేను నవ్వితే, "నవ్వకు. మనల్ని బాయిల పడకుండ కాపాడుతున్నయి గివి," అన్నాడు. నేను నవ్వడం మానేసి మనసులోనే వాటికి దండం పెట్టుకున్నాను.

చవితికి ముందే, నాలుగో విడత మందు కలిపే రోజు మా అత్తకు భక్తి ముంచుకొచ్చింది. మా ఇంటి రాగి బిందెను చింతపండుతో తళతళా తోమి, "మట్టికుండల ఎందుకు, మనకు మంచి జేస్తున్నయి గదా, బిందెల కలుపుండ్రి," అని వాకిట్లో పెట్టింది. సమయానికి హమీద్ సాబు వచ్చాడు. బిందె చూసి సైకిల్ పడేసినంత పని చేశాడు.

"రాగి వద్దమ్మా. రాగి వాటికి జహర్. మొన్న ఆసిఫాబాదుల మా పెద్దసాబు చెప్పిండు. జర రాగి తగిలినా సచ్చిపోతయి."

గంజి నేను అప్పటికే కాచి దించాను. పొయ్యి పక్కన డబ్బా మూత ఇంకా తీసే ఉంది. లోపల నీలంగా కనపడుతోంది.

"సాబ్, తుత్తం గూడ రాగేనా?" అని అడిగాను.

"తుత్తమంటె రాగి ఉప్పే గదా చెల్లె. ఎందుకు?"

"ఉత్తగనె అడిగిన."

ఆయన జేబులు తడుముకుంటూ వెళ్లిపోయాడు. అంబదాస్ కుండ భుజాన పెట్టుకొని, ఏదో కూనిరాగం తీస్తూ తోటకు పోయాడు. నేను ఆ డబ్బా మూత పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. నాలుగుసార్లు వేశాను. నాలుగుసార్లూ ఆ జీవాలను కలపకముందే చంపేశాను. మరి మడి ఎలా బతికింది? చచ్చినవి పెడతాయా తిండి? లేకపోతే చిటికెడుకు అన్నీ చావవా? లేకపోతే వాటికీ మొక్కలకూ సంబంధమే లేదా? ఎవరిని అడగాలి? అడిగితే కొలువు పోతుంది. ఆ రోజు వంటలో ఉప్పు రెండుసార్లు వేశాను, మా అత్త ముద్ద నోట్లో పెట్టుకొని నా వంక చూసింది.

పదిహేను రోజులకు మళ్లీ గంజి కాచే వంతు వచ్చింది. ఈసారి చెయ్యి తనంతట తాను పోలేదు. తుత్తం చిటికెడు పట్టుకొని కుండ దగ్గర ఆగాను. వేస్తే జీవాలు చస్తాయి. వెయ్యకపోతే ఇన్నాళ్లు మడిని కాపాడిందేదో అది ఆగిపోతుందేమో. మొక్క కుళ్లితే అంబదాస్ బెల్లంపల్లి బస్సు ఎక్కుతాడు. తప్పో ఒప్పో ఆలోచించలేదు, మా అన్న దగ్గే వినపడింది. వేశాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కూడా తెలిసే వేశాను.

పెత్రమాస అమావాస్య ముందు రోజు జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు జీపులో వచ్చాడు. రెండు మళ్లూ చూశాడు, ఒక మొక్కను పీకించి వేళ్లు కడిగించి చూశాడు, ఏదో రాసుకున్నాడు. వచ్చే ఏడు తాలూకాలో నలభై ఇళ్లకు పిలకలు, పొట్లాలు ఇస్తారట. దసరా నుంచి అంబదాస్‌కు మాలి కొలువు. అంతేకాదు, ఆ నలభై ఇళ్లకూ పోయి మందు ఎలా కలపాలో చూపించేది కూడా ఆయనే. హమీద్ సాబు అంబదాస్‌ను కావలించుకున్నాడు. మా అత్త బతుకమ్మకు తంగేడు పువ్వు తెచ్చిన బుట్ట కింద పెట్టి కళ్లొత్తుకుంది.

నేను కోరుకున్నది అదే. అది జరిగాక నాకు నిద్ర లేదు, తిండి లేదు. నలభై ఇళ్లలో ఆడవాళ్లు గంజి కాస్తారు. వాళ్లు నేతవాళ్లు కాదు, ఒక్కరి పొయ్యి పక్కనా తుత్తం డబ్బా ఉండదు. అది ఒక్కటి నాకు స్పష్టంగా తెలుసు. మిగిలినదేదీ తెలియదు.

రెండు రోజులాగి మధ్యాహ్నం బువ్వ పట్టుకుపోయి తోటలో అంబదాస్‌కు చెప్పాను. ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఆయన పోయి ఎవరికో చెబుతాడని నేను చెప్పలేదు. నోరు మూసుకో అంటాడని చెప్పాను. ఒక్కదాన్నే మొయ్యలేక, సగం ఆయన మీద పెడదామని.

ఆయన జొన్నరొట్టె చివరి ముక్క దాకా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు.

"ఎన్నిసార్లేసినవ్?"

"ఏడుసార్లు."

"ఏడుసార్లు యాది లేకనే ఏసినవా?"

"నాలుగుసార్లు యాది లేక. మూడుసార్లు ఎరుకుండే ఏసిన."

ఆయన మడి వైపు చూశాడు. మొక్కలు మోకాలెత్తు వచ్చాయి అప్పటికి, ముళ్లు కూడా గట్టిపడ్డాయి. "మరి వీటిని బతికిచ్చింది ఎవరు?" అన్నాడు.

"నాకెరుక లేదు."

"నాకూ ఎరుక లేదు." లేచి కొమ్మకు వేలాడేసిన అంగీ తొడుక్కున్నాడు.

"యాడికి?"

"సాబ్ కాడికి."

"ఎందుకు? మనం చెప్పకుంటె ఎవరికి తెలుస్తది? నీకు దండం పెడత, ఎందుకు పోతున్నవ్?"

"నలభై ఇండ్లోళ్లు నన్ను నమ్మి పోస్తరు. మొక్క కుళ్లినంక, నువ్వేం కలిపినవ్ అంబదాసూ, మాకేం చెప్పినవ్ అని అడుగుతరు. అప్పుడేం చెప్పాలె?"

"బాయిల దిగుతవా మరి?"

ఆయన గట్టు మీది నుంచి దిగి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్ని నెలలు ఎవరి కోసం ఇదంతా? నేను గిన్నెలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

నాలుగు రోజులకు, సాయంత్రం హమీద్ సాబు వచ్చాడు. తిడతాడనుకున్నాను. గద్దె మీద కూర్చొని తల పట్టుకున్నాడు.

"చెల్లె, తుత్తం రాగేనా అని నువ్వు నన్ను అడిగినవ్. నాకు గప్పుడే సమజ్ గావాలె. నేను పరాకుల ఉన్న." తర్వాత మెల్లగా చెప్పాడు. పెద్ద తోటల వాళ్లు కుళ్లు రాకుండా తుత్తం, సున్నం కలిపి చల్లుతారట. మడిని కుళ్లు నుంచి కాపాడింది తుత్తమే కావచ్చు. కొన్ని జీవాలు చావకుండా మిగిలి మొక్కను పెంచి ఉండవచ్చు కూడా. నీళ్ల మడికి గంజి పడలేదు కాబట్టి గంజిదే బలం కావచ్చు. "రెండు మూడు కలిసిపోయినయి చెల్లె. ఇప్పుడు ఇడదీస్తానికి రాదు. పైవాళ్లకు చెప్పిన. వచ్చే ఏటి పిలకల పంపకం ఆపిండ్రు."

"కొలువు?" అంది మా అత్త.

"అది గూడ ఆగింది అవ్వా."

మా అత్త అందరి ముఖాలూ చూసి, చివరికి నా చెయ్యి పట్టుకుంది. "పోరిదేం తప్పు లేదు సాబ్. తుత్తం లేని గంజి గంజే గాదని నేర్పింది నేనే," అంది.

దసరా పోయిన మూడో రోజు అంబదాస్ బెల్లంపల్లి బస్సు ఎక్కాడు. ఒక దుప్పటి, రెండు అంగీలు, మా అత్త కట్టిన సత్తుపిండి. వాకిట్లో నిలబడి, "పోయొస్త అనసూర్యా," అన్నాడు. నేను లోపల విసుర్రాయి దగ్గర కూర్చొని తల ఎత్తలేదు. ఆయన వెళ్తుంటే చెప్పుల చప్పుడు సందు చివర దాకా విన్నాను. నిజం చెప్పిన మనిషి మీద అలిగాను. ఆ రోజు బయటికి రానందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

కార్తీకంలో హమీద్ సాబు మళ్లీ వచ్చాడు. చంకలో కంసాలి త్రాసు, చేతిలో ఒక ఉత్తరం. హైదరాబాదులో ఉన్న చదువుకున్నవాళ్లు అడుగుతున్నారట, గంజిలో పడిన తుత్తం ఎంత అని. ఎంతో తెలిస్తే, వచ్చే వానకాలం మళ్లీ అంతే వేసి, విడిగా మళ్లు నాటి, దేనిదేం పనో తేలుస్తారు.

"చిటికెడు సాబ్," అన్నాను.

"చిటికెడు అంటె వాళ్లకు సమజ్ గాదు చెల్లె. పళ్లెంల ఎయ్యి. జోకుదాం."

నేను డబ్బా తెచ్చి చిటికెడు తీసి త్రాసులో వేశాను. ఆయన అటువైపు గురిగింజలు పెట్టాడు. మూడు గింజల ఎత్తు వచ్చింది. ఇంకోసారి వెయ్యమన్నాడు. రెండే వచ్చింది. మూడోసారి అయిదు. ఈసారి గట్టిగా పట్టుకున్నాను, ఆరు దాటింది. ఊరికే తీసుకో, పడుగుకు గంజి కాస్తున్నాననుకో అన్నాడు. అనుకొని తీశాను, ఒక్కటే వచ్చింది. పదిసార్లు వేశాను. ఏ రెండూ కలవలేదు. మరిచిపోయి వేసినప్పటి చిటికెడు ఎంతో, భయంతో వేసినప్పటిది ఎంతో, నా చేతికే తెలియదు.

ఆయన పది అంకెలూ ఒకదాని కింద ఒకటి వేసుకొని కలం పట్టుకొని కూర్చున్నాడు.

"ఎంతని రాయాలె చెల్లె?"

"సాబ్, ఎంతని రాస్తె ఆయన వాపస్ వస్తడో గంత రాయి."

హమీద్ సాబు అంకెలన్నింటి మీదా అడ్డంగా గీత కొట్టి, కింద ఏదో ఒక్క మాట రాసి కాగితం మడత పెట్టాడు. నాకు చదువు రాదు.

"ఏం రాసినవ్ సాబ్?"

"తెల్వదని రాసిన."